ఆ పతకాన్ని చింతపండుతో తోమకు

బెంగళూరు,
ఆదివారం ఉదయం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ రాతప్రతి అందింది. నలభై ఆరు పేజీలు. కొరియర్ కుర్రాడు కింద వాచ్‌మన్ చేతికిచ్చి పోయాడు. ఆయన దాన్ని కుర్చీ కింద పెట్టుకుని రెండు రోజులు మరిచిపోయాడు. ఈలోగా నువ్వు మూడు మెసేజీలు పెట్టావు, "సార్, నచ్చలేదా?" అని. అంత టెన్షన్ పడకు. నవల రాయడానికి కూర్చున్నవాళ్ళకి రెండు రోజులు ఒక లెక్క కాదు.

రెండుసార్లు చదివాను. మొదటిసారి కాఫీ తాగుతూ, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ఆ పెన్సిల్ గీతలు చూస్తే ఎలాగూ ముఖం చిన్నబుచ్చుకుంటావు కాబట్టి ముందే చెప్తున్నాను: ముప్పై ఒకటో పేజీలో ఒక వాక్యం ఉంది. డెబ్భై దాటిన నాకు కూడా అసూయ కలిగింది. దాని దగ్గరికి మెల్లిగా వస్తాను.

మొదటి అధ్యాయం హైఫా, మొదటి ప్రపంచయుద్ధంలో తుర్కుల చేతిలో ఉన్న పాలస్తీనా రేవు పట్టణం. 1918 సెప్టెంబరు 23. బ్రిటిష్ వాళ్ళ పక్షాన పోరాడిన మైసూరు లాన్సర్లలో, అంటే మహారాజు గారి బల్లేల గుర్రపుదళంలో, రౌతు అయిన మీ ముత్తాత, బల్లెం ఎత్తి అందరికంటే ముందు పట్టణంలోకి దూకుతాడు. పదకొండు పేజీలు దూకుతూనే ఉంటాడు. "దిక్కులు పిక్కటిల్లాయి" మూడుసార్లు, "రక్తం ఏరులై పారింది" రెండుసార్లు. లెక్కపెట్టాను. మన తెలుగు కథల్లో ఇన్నేళ్ళుగా పిక్కటిల్లి పిక్కటిల్లి, దిక్కులు ఇంకా చెక్కుచెదరకుండా ఎలా ఉన్నాయో!

జరిగింది వేరు తల్లీ. ఆ మధ్యాహ్నం రెండు గంటలకు పట్టణం మీదికి గుర్రాలు దూకించింది జోధ్‌పూర్ లాన్సర్లు. వాళ్ళ మేజర్ దళపత్ సింగ్ ఆ దాడిలోనే చనిపోయాడు. ఒక పక్క కార్మెల్ కొండ, ఇంకో పక్క కిషోన్ ఏరు. ఏటి ఒడ్డంతా ఊబి. ముందు దిగిన గుర్రాలు కూరుకుపోతే మిగతావాళ్ళు కొండ వైపు మళ్ళి దూసుకుపోయారు. మైసూరు వాళ్ళలో ఒక స్క్వాడ్రన్ ఆ దాడికి ముందే, పైనున్న ఫిరంగుల కోసం కొండ ఎక్కడం మొదలుపెట్టింది. మిగిలిన మైసూరు వాళ్ళు తుపాకులతో జోధ్‌పూర్ వాళ్ళకి అండగా నిలిచి, దారి తెరుచుకున్నాక గుర్రాలెక్కి వాళ్ళ వెనకాల ఊళ్ళోకి వచ్చారు.

అంటే మీ ముత్తాత ఆ పూట కొండ ఎక్కుతూ ఉండాలి, లేదా నేల మీద పడుకుని తుపాకీ కాలుస్తూ ఉండాలి. ఇంకో సంగతి కూడా ఉంది, అది నీకు తెలిసినట్టు లేదు. రౌతులు గుర్రాలు దిగి తుపాకులతో పోరాడేటప్పుడు గుర్రాలు ఎక్కడికి పోతాయి? నలుగురిలో ఒకడు కాల్పులకు పోడు. తన గుర్రంతో పాటు ఆ ముగ్గురి గుర్రాల పగ్గాలూ పట్టుకుని, వెనక ఏ మిట్ట చాటునో ఆగుతాడు. పైన గుళ్ళు పోతుంటాయి. నాలుగు గుర్రాలు నాలుగు వైపులా గుంజుతుంటాయి. ముందు ఏం జరుగుతోందో కనపడదు. ఆ ముగ్గురూ తిరిగి వస్తారో రారో తెలియదు. రాకపోతే ఖాళీ జీనుతో ఉన్న గుర్రాన్ని వాడే నడిపించుకుపోవాలి. మీ ముత్తాత ఆ నాలుగోవాడైతే ఏమవుతుంది? నీ పదకొండు పేజీల దూకుడు కంటే నాలుగు పగ్గాలు పట్టుకుని నిలబడ్డ ఆ గంటలోనే నాకు ఎక్కువ యుద్ధం కనిపిస్తోంది.

హైఫా లెక్కలు నీకు తెలిసే ఉంటాయి. పట్టుబడినవాళ్ళు 1,350 మంది, ఫిరంగులు 17. మనవాళ్ళు చనిపోయింది 8 మంది, గాయపడింది 34 మంది. ఈ వరస దాకా నువ్వు రాశావు. పక్కనే ఇంకో వరస ఉంటుంది, దాన్ని వదిలేశావు. చచ్చిపోయిన గుర్రాలు 60, గాయపడ్డవి 83. సైన్యం గుమాస్తా గుర్రాలను లెక్కపెట్టాడు. నవల రాసేదానివి నువ్వెలా మరిచిపోయావు?

ఎగతాళి చేస్తున్నానని అనుకోకు. నీ వయసులో నేను ఇంతకంటే ఘోరం చేశాను. అప్పట్లో ఒక వారపత్రికలో నా చారిత్రక కథ పడింది. అందులో ఒక రౌతు చీకటి పడ్డాక పెనుకొండలో బయల్దేరి, తెల్లవారేసరికి శ్రీరంగపట్నంలో దిగుతాడు. దాదాపు 250 కిలోమీటర్లు. దారిలో ఎక్కడా ఆగడు. గుర్రం నురగలు కక్కుతుంది, అదీ ఒక్కసారే. వారం తిరిగేసరికి పోస్టుకార్డు వచ్చింది. గుండ్రటి అక్షరాలు, ఒకే వాక్యం: "అయ్యా, తమరి గుర్రానికి పెట్రోలు ఎక్కడ పోయించారు?" కింద సంతకం, సంతకం కింద "రిటైర్డ్ దఫేదారు" అని. దఫేదారు అంటే గుర్రపుదళంలో హవల్దారు.

ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. అప్పుడు నేను రాజాజీనగర్‌లో ఒక గదిలో ఉండేవాణ్ణి. సిగ్గుతో నాలుగు రోజులు ఏమీ రాయలేకపోయాను. ఐదో రోజు రేస్‌కోర్సు వెనక సందులో ఒక ముసలి సాయీసు, అంటే గుర్రాలను చూసుకునేవాడు, ఉంటాడని ఎవరో చెబితే వెతుక్కుంటూ పోయాను. ఆయన మాట సగం దక్ఖనీ, సగం తెలుగు. నేను కథలు రాస్తానంటే ఆయనకి పట్టలేదు. "గుర్రాన్ని ఎప్పుడైనా ముట్టుకున్నావా?" అని అడిగాడు. లేదన్నాను. రమ్మని లోపలికి తీసుకుపోయాడు.

గోధుమరంగు ఆడగుర్రం. ఆయన దాని భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యకుండా కాలి వెంట కిందికి జార్చుకుంటూ వచ్చాడు. ముఖం గుర్రం తోక వైపు తిప్పుకుని నిలబడ్డాడు. "చెయ్యి తీసేశావో, మళ్ళీ పెట్టినప్పుడు అది ఉలిక్కిపడుద్ది. నువ్వు ఎక్కడున్నావో దానికి తెలుస్తా ఉండాల" అన్నాడు. తర్వాత తన భుజంతో దాని భుజాన్ని కొంచెం ఒత్తాడు. బరువు అవతలి కాలి మీదికి మారింది. గిట్ట దానంతటదే ఆయన చేతిలోకి లేచింది. ఇనుప కొక్కెంతో లాడం లోపలి బురద గీకితే, మధ్యలో చింతగింజంత రాయి బయటపడింది. తడి తోలు, మగ్గిన గడ్డి, కొంచెం కాలిన కొమ్ము, అన్నీ కలిసిన వాసన. రాయి నా చేతిలో పెట్టి, "ఇది పొద్దున చూడకపోతే సాయంత్రానికి కుంటు, ఎల్లుండికి రౌతు కాలినడక" అన్నాడు.

ఆపైన మోకాలి కింద నరాన్ని అరచేత్తో తడిమాడు. రెండు ముందుకాళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి. "ఎడమది వేడిగా ఉంది చూడు. రేపు దీనికి విశ్రాంతి." నేనూ తడిమాను. నాకు రెండూ ఒకేలా ఉన్నాయి. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత మూడు నెలలు ప్రతి ఆదివారం పోయాను. ఆ వేడి నా చేతికి ఒక్కసారి కూడా దొరకలేదు. కానీ ఆ చెయ్యి ఏం వెతుకుతుందో మాత్రం అర్థమైంది.

ఇప్పుడు నీ ముప్పై ఒకటో పేజీ. మీ నాయనమ్మ చెప్పిన మాటగా రాశావు: "మా మామ ముసలితనంలో కూడా రేత్రిపూట లాంతరు తీసుకుని కొట్టంలోకి పోయి, ఎద్దుల కాళ్ళు ఒగొగటి తడిమి చూసొచ్చి పండుకుంటా ఉండె." అంతే. తర్వాతి వాక్యంలోనే మళ్ళీ బల్లెం ఎత్తేశావు!

అమ్మాయ్, యుద్ధం నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు దాటాక, బాగేపల్లి పక్క పల్లెలో, దున్నే ఎద్దుల కాళ్ళలో ఆ మనిషి ఏం వెతికాడు? అది నీ నవల. మిగతా నలభై ఐదు పేజీలు ఆ కొట్టం గుమ్మం దాకా నడవడానికి వేసుకున్న అడుగులు అనుకో. దండగేం కాదు. కానీ గుమ్మం దాటి లోపలికి పోవాలి.

అందుకు ఆ నాలుగేళ్ళు ఎలా గడిచాయో నీకు కంటికి కట్టాలి. హైఫా ఒక్క పూట. మైసూరు వాళ్ళు, హైదరాబాదు లాన్సర్లు ఉన్న బ్రిగేడు 1914 చివరికల్లా ఈజిప్టులో దిగింది. సూయజ్ కాలువ కాపలా. 1915 ఫిబ్రవరిలో తుర్కులు కాలువ మీదికి వచ్చి వెనక్కి పోయారు. తర్వాత రౌతుకు నెలల తరబడి ఇసుక, గస్తీ, గుర్రం తోమడం. ఇసుక గురించి నువ్వు "బంగారు వన్నె ఇసుక తిన్నెలు" అని రాశావు. గుర్రం ఉన్నవాడికి ఇసుక వన్నె కనపడదు. నేల మీద పడ్డ దాణాతో పాటు గుర్రం ఇసుక కూడా తింటుంది. అది కడుపులో పేరుకుని శూల వస్తుంది. కింద పడి పొర్లుతుంది, పొట్ట వైపు తల తిప్పి చూసుకుంటుంది, కొన్ని లేవవు. సైనై ఎడారిలో గుర్రాలను ఇది చాలా పీడించింది. అందుకే మూతికి దాణాసంచి కట్టి పెట్టేవాళ్ళు. రాత్రి గుర్రాన్ని కట్టడానికి అగాడి, పిచాడి అని రెండు తాళ్ళు ఉంటాయి, తల దగ్గర ఒకటి, వెనక కాలికి ఒకటి. బెంగళూరు ఎర్రమట్టిలో మేకు దిగ్గొడితే కదలదు. ఇసుకలో ఏ మేకు నిలుస్తుంది? నిద్రలో ఉన్న రౌతు ఆ మేకు కోసం ఎన్నిసార్లు లేచి ఉంటాడు?

దాణా సంగతి ఇంకోటి. మన పక్క గుర్రానికి ఉలవలు. ఉడకబెట్టిన ఉలవల వాసన మీ నాయనమ్మని అడిగితే చెప్తుంది. ఆ ఎడారిలో దొరికింది బార్లీ, తిబ్న్ అని వాళ్ళు పిలిచే చితకగొట్టిన గడ్డి. ఉలవలకి అలవాటుపడ్డ గుర్రం కొత్త తిండికి మూతి తిప్పుకుంటే రౌతు ఏం చేశాడు? బతిమాలాడా, తిట్టాడా? "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అని మనకి సామెత ఉంది. వెటకారానికి వాడుకుంటాం కానీ, అది పుట్టింది ఇలాంటి లాయంలోనే అని నాకు అనుమానం.

అన్నిటికంటే నీళ్ళు. ఎండలో పనిచేసే గుర్రం రోజుకు 40 లీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తాగుతుంది. సూయజ్ కాలువ ఒడ్డున ఉన్న కాంతారా నుంచి సైనై మీదుగా రైలు పట్టాలు వేసి, పక్కనే గొట్టాలు పరిచి నైలు నీళ్ళు తోలుకుంటూ సైన్యం ముందుకు జరిగింది. గొట్టం ఎంత దూరం పోతే యుద్ధం అంత దూరం. 1917 అక్టోబరు చివర పాలస్తీనాలోని బీర్షెబా దగ్గర కొన్ని దళాల గుర్రాలు 48 గంటలకు పైగా నీళ్ళు లేకుండా నడిచాయి. దప్పికగొన్న గుర్రానికి బావి వాసన ముందే తెలుస్తుంది. వందల గుర్రాలు ఒక్కసారి తోసుకొస్తే పట్టుకునేది ఎవరు? మడతపెట్టే గుడ్డ తొట్లు, చేతిపంపులు, వరసలు, తన వంతు ఎప్పుడొస్తుందోనని అర్ధరాత్రి దాకా పగ్గం పట్టుకుని నిలబడటం. అక్కడ ఒక అధ్యాయం రాయి. బల్లెం ఎత్తకుండా రాయి.

గుర్రం వీపు మీద మనిషి, జీను, తుపాకీ, కత్తి, తూటాలు, దాణా అన్నీ కలిపి 120 కిలోల దాకా బరువు. అందుకే వీలైనప్పుడల్లా దిగి నడుస్తారు. నీ కథలో ఒక్క రౌతు కూడా దిగి నడవలేదు! 1918 సెప్టెంబరు 19 నుంచి అక్టోబరు 26 దాకా, 38 రోజుల్లో, వాళ్ళ డివిజన్ 800 కిలోమీటర్లకు పైగా పోయింది. అందులో దౌడు తీసింది ఎంత, నడిచింది ఎంత? జీను కింద కంబళి ఒక్క మడత తప్పితే వీపు ఒరుసుకుపోతుంది. ఒరుసుకుపోయిన వీపుకి జీను వెయ్యకూడదు. జీను వెయ్యకపోతే రౌతు వెనకబడతాడు. అందుకే సాయంత్రం గుడారం వేశాక ముందు గుర్రం వీపు, గిట్టలు, దాణా, తర్వాతే తన రొట్టె. రోజూ, నాలుగేళ్ళు. నా లెక్కలో ఆ చెయ్యి ఎద్దుల కాళ్ళ దాకా వచ్చింది ఈ దారినే.

హైఫాకి ముందు ఎండాకాలం కూడా వదలకు. జోర్డాన్ లోయ సముద్రమట్టానికి వందల మీటర్లు కింద ఉంటుంది. ధూళి, తేళ్ళు, దోమలు. ఆ వేసవంతా రౌతుల దళాలను అక్కడే ఉంచారు. జులై 14న జోర్డాన్ నది మీద హెను రేవు దగ్గర మైసూరు వాళ్ళు, జోధ్‌పూర్ వాళ్ళు కలిసి చేసిన దాడి ఒకటుంది. మన పేపర్లు ఏటా హైఫా అంటాయి కానీ దీని ఊసెత్తవు. ఆ లోయ అంటించిన మలేరియా అక్టోబరులో, దమాస్కస్ పట్టుకున్నాక, గుళ్ళ కంటే ఎక్కువమందిని పడగొట్టింది. పైన ఇన్‌ఫ్లుయెంజా. అక్టోబరు 26న సిరియాలోని అలెప్పో దాటాక హరితాన్ దగ్గర చివరి దాడి. నాలుగు రోజులకి తుర్కులతో సంధి మీద సంతకాలు. ఆ నెలల్లోనే ఇక్కడ మన ఊళ్ళలో కూడా అదే ఇన్‌ఫ్లుయెంజా ఇళ్ళకి ఇళ్ళు ఊడ్చింది. యుద్ధంలో బతికినవాడు ఇంటికి వచ్చి ఎవరెవరు లేరని తెలుసుకున్నాడో మీ నాయనమ్మకి అత్తగారు చెప్పే ఉండాలి. అడిగి చూడు.

ఇక మూడో అధ్యాయంలో ముత్తాత చేత "భారతమాత కోసం" అనిపించావు. 2018లో ఢిల్లీ తీన్‌మూర్తి కూడలికి హైఫా పేరు కలిపినప్పటి టీవీ మాట అది. 1914లో బాగేపల్లి రౌతు నోట్లో అది పలకదు. ఆయన తిన్నది మైసూరు మహారాజు ఉప్పు. మహారాజు యుద్ధానికి 50 లక్షల రూపాయలు ఇచ్చాడు, దళాన్ని ఇచ్చాడు, దళంలో ఈయన ఉన్నాడు. అంతవరకే రాయి. ఆ దళంలో ముస్లిం రౌతులు ఉన్నారు. ఎదురుగా ఉన్నది తుర్కు సుల్తాను సైన్యం. ఆయనే ముస్లింల ఖలీఫా, 1914 నవంబరులోనే జిహాద్ ప్రకటించినవాడు. 1916లో ఇరాక్‌లోని బస్రాలో, బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 15వ లాన్సర్ల రౌతులు, పవిత్ర స్థలాల వైపు యుద్ధానికి మేం నడవం అని ఎదురుతిరిగారు. ఇక్కడ మన మైసూరు వాళ్ళు నడిచారు. పక్క గుడారంలోని సాయిబు ఆ రాత్రి ఏమనుకున్నాడో మీ ముత్తాతకి తెలిసి ఉండొచ్చు, తెలియకపోవచ్చు. నువ్వు తీర్పు చెప్పకు. ఆ ఇద్దరి చేత కలిసి గుర్రాలకు నీళ్ళు పట్టించు.

ఉత్తరాల అధ్యాయం కూడా మార్చాలి. ముత్తాత భార్యకి రాసిన ఉత్తరాలు ప్రేమలేఖల్లా ఉన్నాయి. అప్పటి సిపాయిల్లో చాలామందికి చదువు లేదు. ఒకడు చెప్తే ఇంకొకడు రాయాలి, ఊళ్ళో ఇంకొకడు చదివి వినిపించాలి, మధ్యలో సెన్సారు విప్పి చూడాలి. ఇంతమంది చెవుల ముందు ఎవరు మనసు విప్పుతారు? ఫ్రాన్సు నుంచి మనవాళ్ళు రాసినవాటిలో సెన్సారు ఆఫీసు ఇంగ్లీషు చేసి పెట్టుకున్న ముక్కలే ఎక్కువగా మిగిలాయి. వాటిలో నల్ల మిరియాలు అంటే మన సిపాయిలు, ఎర్ర మిరియాలు అంటే తెల్లవాళ్ళు. మిరియాలు అయిపోవచ్చాయంటే అర్థం చేసుకోవాల్సినవాళ్ళు చేసుకునేవాళ్ళు. మీ ముత్తాత రాయించి ఉంటే "కారెద్దు కాలు నయమైందా, వాన పడిందా, కిస్తీ కట్టారా" అని రాయించి ఉంటాడు. ఆ మూడు ప్రశ్నల్లో భార్యకి వినపడాల్సింది వినపడుతుంది.

వచ్చే ఆదివారం తీరిక ఉంటే జె.సి. నగర్‌లో లాన్సర్ల స్మారక స్తంభం దగ్గరికి పోయిరా. మారతహళ్ళి నుంచి నీకు రెండు బస్సులు. పొద్దున ఏడులోపల పో, ఆ తర్వాత ట్రాఫిక్‌లో నిలబడనివ్వరు. విధానసౌధలోని రాష్ట్ర పురాలేఖాగారంలో పాత మైసూరు ఫైళ్ళు ఉంటాయి. నృపతుంగ రోడ్డులో మిథిక్ సొసైటీ లైబ్రరీ ఉంది, 1909 నాటి సంస్థ. రెండు చోట్లా ఓపిక కావాలి. కానీ ముందే చెప్తున్నా, ఆఫీసర్ల పేర్లు దొరుకుతాయి, రౌతులు ఎక్కువగా అంకెల్లో ఉంటారు. చనిపోయినవాళ్ళ పేర్లయినా రాళ్ళకెక్కాయి. ఆ రాళ్ళు కూడా నిలవవనుకో. ఈజిప్టు, పాలస్తీనాలలో పోయిన దాదాపు 4,000 మంది మనవాళ్ళకి సూయజ్ పక్కన పోర్ట్ తౌఫీక్‌లో 1926లో స్మారకం కట్టారు. 1967-73 మధ్య ఈజిప్టు, ఇజ్రాయెల్ యుద్ధాల్లో అది దెబ్బతింటే కూల్చేశారు. 1980లో పేర్లు కైరో దగ్గర హీలియోపోలిస్‌కి మార్చారు. మీ ముత్తాత బతికి వచ్చాడు కాబట్టి ఆ రాళ్ళలో దేని మీదా ఉండడు.

ఆయన పేరు చెక్కి ఉండే చోటు ఒకటి మాత్రం ఉంది. అది మీ ఇంట్లోనే, నాయనమ్మ ట్రంకుపెట్టెలో ఉంది.

నువ్వు పంపిన ఆ యుద్ధ పతకం ఫొటో రెండు వైపులా పెద్దది చేసి చూశాను. ఒక వైపు ఐదో జార్జి తల. రెండో వైపు గుర్రం మీద ఒక మనిషి, ఒంటి మీద గుడ్డ లేదు, గుర్రానికి జీను లేదు. గుర్రం కాళ్ళ కింద డాలు, పుర్రె. 1914, 1918. నాయనమ్మ ఆ వైపు ఎవరికీ చూపించదని, దేవుడి గూట్లో పెట్టనివ్వదని రాశావు. చదివి చాలాసేపు నవ్వుకున్నాను. నాలుగేళ్ళు జీను కింద కంబళి మడతలు సరిచేసినవాడికి సర్కారు ఇచ్చిన బిళ్ళ మీద జీను లేని గుర్రం! ఈ ముక్క నవల్లో పెట్టు, నాయనమ్మ మాటల్లోనే పెట్టు.

ఇప్పుడు అసలు విషయం. ఆ పతకం లాన్సరు రౌతుకైతే వెండిది ఇచ్చారు. సాయీసులు, గడ్డి కోసేవాళ్ళు, కూలి దళాల వాళ్ళు, వీళ్ళకి అదే అచ్చుతో కంచుది ఇచ్చారు. ఫొటోలో రంగు నల్లగా ఉందో గోధుమగా ఉందో తేలడం లేదు. వందేళ్ళ వెండి నల్లబడుతుంది, కంచు మాగుతుంది, ఫోన్ కెమెరాకి రెండూ ఒకటే. బిళ్ళ అంచు మీద చుట్టూ సన్నటి అక్షరాలు ఉంటాయి: నంబరు, హోదా, పేరు, దళం. ఫొటోలో అంచు రాలేదు.

కంచుదైతే మీ ముత్తాత రౌతు కాదు, సాయీసో అలాంటి పనివాడో. ఊళ్ళో మీ ఇంటిని "రౌతోళ్ళ ఇల్లు" అంటారని నాకు తెలుసు. నాన్నగారు ఏమంటారోనని నీకు భయం వేస్తుంది, అదీ తెలుసు. బల్లెం, దాడి, మొదటి అధ్యాయం అన్నీ పోతాయి. ముప్పై ఒకటో పేజీ మాత్రం ఎక్కడికీ పోదు. లాంతరు పట్టుకుని కొట్టంలోకి పోయినవాడు రౌతైనా, సాయీసైనా ఆ చెయ్యి ఒకటే పని చేస్తుంది. నిజం చెప్పమంటే, సాయీసే అయితే నేను ఇంకా ఆత్రంగా చదువుతాను. రౌతు గుర్రం ఎక్కి పోయాక, అది తిరిగి వస్తుందో రాదోనని దారి చూసినవాడి కథ నేను ఇంతవరకు తెలుగులో చదవలేదు.

కాబట్టి ఈ వారం ఒక్క పేజీ కూడా రాయకు. బాగేపల్లి బస్సెక్కు. నాయనమ్మ దగ్గర కూర్చుని ఆ బిళ్ళ చేతిలోకి తీసుకో. భూతద్దం పట్టుకుని అంచు చుట్టూ చదువు. పేరు తప్పు స్పెల్లింగుతో ఉంటుంది, ఉన్నది ఉన్నట్టు రాసుకో, సరిదిద్దకు. నాయనమ్మ పండగకి ఇత్తడి సామాన్లతో పాటు దాన్నీ తోమేస్తానంటుంది. అక్షరాలు లోతుగా ఉండవు, చింతపండు మాత్రం తగలనివ్వకు.

చదవగానే ఫోన్ చెయ్యి. రాత్రి పదైనా పర్లేదు, మేలుకునే ఉంటాను.

మీ సార్